రెండు వేళ్ళ సందు

మా బావగారు పోయి నాలుగేళ్ళయినా కాఫీ విషయంలో ఏమీ మారలేదు, పిలవకుండా వస్తారు, వచ్చి గ్లాసు పుచ్చుకుని చల్లారిపోయిందంటారు. ఇప్పుడూ అదే అంటూ మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నారు, దూలానికి చైన్ పుల్లీ వేలాడుతోంది, దాని కింద, పొయ్యి ఉండాల్సిన చోట, బానెట్ తీసేసిన మా పాత జీపు నిలబడి ఉంది, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు కిటికీలోంచి లోపలికొచ్చి గిన్నెల స్టాండు పక్కనుంచి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది.

"ఇంకా ఆ ఇంజన్ సంగతేనా, అమ్మాయ్?" అంటారు.

"మనిద్దరి మధ్యా ఇంకేం సంగతుంది, బావగారూ?"

ఆ జీపుకి మొదట పెట్రోల్ ఇంజన్ ఉండేది. కొండమీది జీడిమామిడి తోటకి వెళ్ళొస్తే చాలు, పీపా పెట్రోలు తాగేస్తోందని బావగారు రాజమండ్రి నుంచి ఓ పాత డీజిల్ ఇంజన్ తెచ్చి, రాహుకాలం రాకముందే బండిలోకి దించెయ్యాలని తొందరపడ్డారు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి ముందు ఇరుసు ఇంజన్ కిందనుంచే పోతుంది. కొత్త ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ సరిగ్గా దానికి రెండు వేళ్ళ ఎడంలో ఆగింది. జనం ఎక్కి బండి గోతిలో పడితే ఇరుసు మీది స్ప్రింగు కమాన్లు కుంగుతాయి, ఛాంబర్ పోయి ఇరుసుకి కొట్టుకుంటుంది, ఇంకాస్త ఎత్తి కూర్చోబెట్టండి అని బీయస్సీ ఫిజిక్సు చదివిన నేను చెప్పాను. ఆ ఫిజిక్సుతో ఇడ్లీపిండి పులుస్తుందేమో చూడమన్నారు. నెల తిరక్కుండా ఘాట్‌లో ఛాంబర్ పగిలింది, ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసింది, నా ఖర్మకాలి ఆ పూట స్టీరింగ్ నా చేతిలో ఉంది. ఇక పద్దెనిమిదేళ్ళు, పెళ్ళికెళ్ళినా తద్దినానికెళ్ళినా నేను ఇంజన్ను మింగిన కోడల్ని. ఆ పేరు పెట్టిందీ, నన్ను మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనివ్వందీ ఈ బావగారే.

అందుకని ఎంతో మర్యాదగా జీపు కింద చాప పరుస్తాను, పడుకోమంటాను, ఆయన పంచె నలగకుండా సర్దుకుని పడుకుంటారు, ఆ సందులో చెయ్యి పెట్టమంటే పెడతారు, చచ్చిపోయాక మనిషి ఇంత చెప్పినమాట వింటాడని తెలిస్తే ముందే ఏదైనా ఆలోచించేదాన్నేమో అనుకుంటూ నేను డ్రైవరు సీట్లో కూర్చుని హారన్ కొడతాను. ఘాట్ రోడ్డు మీంచి బంధువులంతా దిగొస్తారు, నన్ను చూసి నవ్విన ఒక్కొక్కరూ, పెళ్ళి విస్తళ్ళు చేతుల్లో పట్టుకుని తింటూనే వచ్చి జీపెక్కుతున్నారు, ఎంతమంది ఎక్కినా ఇంకా చోటుంది, కమాన్లు మాత్రం కిర్రుకిర్రుమంటూ కుంగుతున్నాయి.

"అమ్మాయ్, చెయ్యి నొక్కుకుంటోంది."

"రెండు వేళ్ళ సందు చాలన్నారుగా బావగారూ. ఇంకా మీ మేనత్తగారు ఎక్కాలి."

మేనత్తగారు ఎక్కుతారు. రోడ్డు బాగాలేదంటారు బావగారు కిందనుంచి. జీడిపిక్కల బస్తాలు రెండు వేయిస్తాను. ఆ రోజుల్లో డీజిల్లో కల్తీ ఉండేదంటారు. ఇంకో రెండు వేయిస్తాను. జాలి వెయ్యాలి, వెయ్యడంలేదు, పైగా పాయసం తిన్నంత హాయిగా ఉంది.

"తప్పెవరిదో చెప్పండి, అందర్నీ దింపేస్తాను."

జీపు కింద వాన పడుతున్న చప్పుడు, పైన ఎండ.

"నీ మీదికి తోసింది నేనే," అంటారు చివరికి, "కానీ ఆ సందు కొలిచింది నేను కాదమ్మా." మరెవరని కిందికి వంగుతాను. ఆయన నోరు తెరుస్తారు, హారన్ మోగుతుంది, నా చెయ్యి దానిమీద లేదు.

కళ్ళు తెరిచాను. మధ్యాహ్నం మూడయింది. పెరటి షెడ్డులో హారన్ మళ్ళీ మోగింది. మూలపడ్డ జీపుకి వేరే ఇంజన్ పెట్టడానికి పొద్దున వచ్చిన మెకానిక్ వైర్లు కలిపి చూస్తున్నాడు. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. కుడిచేతి రెండు వేళ్ళూ కమిలి నల్లబడ్డాయి.

ఇంజన్ విప్పేముందు ఆ సందు ఎంతుందో చూద్దామని చెయ్యి పెట్టారట, మెకానిక్ చూసుకోకుండా బంపరు మీదికెక్కాడట. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. ఆయన షెడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే అన్నారు.

"ఆ రోజు అన్నయ్య కొలవమంటే కొలిచింది నేనే, హైమా. నువ్వు చెప్పింది నిజమని అప్పుడే తెలిసింది. రాహుకాలం వచ్చేస్తోందని చాలనేశాను. తప్పు నాది."