రేవులో సీసాలు

ఉగాదీ రంజానూ వెనకా ముందూ వచ్చి వెళ్లిన ఆదివారం, గుంటూరు నుంచి ఎనిమిది మంది గుండ్లకమ్మలో పడవలు నడపడానికి వచ్చారు. పడవలంటే చేపలు పట్టే నాటుపడవలు కావు, గాలి కొడితే ఉబ్బే రంగురంగుల కయాకులు. తెడ్లు వేసుకుంటూ పది కిలోమీటర్లు పోవడం, దారిలో కనిపించిన ప్లాస్టిక్కంతా గోతాల్లో నింపడం, మధ్యమధ్యలో ఫొటోలు దిగడం. ఈ ముచ్చటంతా సిద్దికాది. గుంటూరులో మందుల షాపు నడుపుతుందన్న మాటే గానీ, ఆమె పుట్టి పెరిగింది అద్దంకి దగ్గర ఈ ఏటిగట్టునే.

తల్లి పోయాక ఆమెను పెంచింది మేనత్త జోహరాబీ. ఆ పొద్దున అత్త టీ గ్లాసు చేతికిచ్చి మిరపకోతకు బయల్దేరింది. చేలు అవతలి గట్టున. ఆడకూలీలంతా రేవులో నడుముల్లోతు నీళ్లలో నడిచే దాటాలి.

"ఏరు బాగుచేయడమంటే ఏం చేస్తారే?" అని అడిగింది అత్త.

"మొత్తం బాగుచేసేస్తాం. సాయంత్రానికి నువ్వే గుర్తుపట్టలేవు."

జోహరాబీ మురిసిపోయింది. "ఐదున్నరకల్లా వస్తా. కొరమీను తెప్పించా. తినకుండా పోయావంటే కాళ్లిరగ్గొడతా!"

ఎనిమిదింటికి కయాకులు నీళ్లలోకి దిగాయి. గట్టున వేపలు పూతమీదున్నాయి, ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. ఊరి రేవు దాటుతుంటే నీలం నైలాను తాడుకు వరసగా కట్టిన ఖాళీ సీసాలు తేలుతూ కనిపించాయి. ఎవరో వదిలేసిన వల తాలూకు తాడనుకుంది సిద్దికా. జేబులోని చాకు తీసి రెండు కొసలూ తనే కోసింది. పదకొండు సీసాలు. వెనక కయాకులో వాళ్లు చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్లం కదా, నీళ్లలో సీసా కనబడితే చెత్తే అనుకుంటాం. ఇది ఇక్కడెందుకుందని ఎవరినైనా అడగాలని తోచదు.

ఐదింటికి దిగువన గట్టెక్కారు. వాళ్లను ఊరికి చేర్చడానికి ట్రాలీ ఆటోతో బుడే వచ్చాడు. ఏట్లో చేపలు పట్టే మనిషి, సిద్దికాకు చిన్నప్పటి నుంచీ బుడే మామ. గోతాం ఎత్తబోయి, నీలం తాడు చూసి ఆగిపోయాడు.

"ఇవెక్కడియ్యమ్మా?"

"రేవులోవి మామా."

"అయ్యో తల్లీ! మొన్న శీతాకాలం మిషన్లు పెట్టి ఇసక తోడుకుపోయారు. రేవు పక్కనే రెండు నిలువుల గుంటలు. ఆడాళ్లు అటు పోకుండా నేనే కట్టా."

సిద్దికా ఆ రేవును నడిచి దాటి ఎనిమిదేళ్లయింది. అప్పుడు ఎక్కడ అడుగేసినా ఇసకే తగిలేది. అత్త ఫోను ఇంట్లోనే ఉంటుంది. కోతల మేస్త్రికి చేస్తే ఎత్తలేదు. బుడే కయాకుల్నీ మనుషుల్నీ అక్కడే వదిలేసి ఆమె ఒక్కదాన్నే ఎక్కించుకుని ఆటోను ఉరికించాడు. అత్త ఇవాళ ఆలస్యంగా రావాలని, అసలు రాకూడదని, దారి పొడుగునా సిద్దికా అల్లాను వేడుకుంటూనే ఉంది.

రేవు దగ్గర కూలీలు అవతలి గట్టున నిలబడి కేకలు పెడుతున్నారు. బుడే బండి ఆపీ ఆపకముందే ఏట్లో దూకాడు. మూడోసారి మునిగాక జోహరాబీని పైకి తెచ్చాడు. పొట్ట నొక్కారు, నోట్లోకి గాలి ఊదారు. సిద్దికా అరగంట సేపు ఆ గుండె మీద నుంచి చేతులు తీయలేదు. లాభం లేకపోయింది.

ఇవతలి గట్టున జనం పోగయ్యారు. "ఏరా బుడే, నీ సీసాలేవిరా? సరిగ్గా కట్టి చావలేవూ?" అని ఎవరో అరిచారు. బుడే తల దించుకున్నాడు. సిద్దికా వైపు చూడనైనా చూడలేదు. ఆ మంచితనాన్ని ఆమె భరించలేకపోయింది.

"బుడే మామ తప్పేం లేదు. పొద్దున నేనే కోసేశా" అంది.

అత్త వెనకే ఆమె కొంగు పట్టుకుని ఏట్లోకి దిగి, ఎలాగో ఇవతలి గట్టుకు చేరిన తోటి కూలీ మహిమ, తడి చీరతో వణుకుతూ దగ్గరికొచ్చింది.

"'సీసాలు లేవక్కా, ఆగుదాం' అన్నానమ్మా. పొద్దుట్నించీ చేలో నీ ముచ్చటే. 'మా పిల్ల ఏరు బాగుచేస్తానంది, గుంటలు పూడ్చేసుంటారు, అందుకే సీసాలు తీసేశార్లే' అని నవ్వుకుంటా తనే ముందు దిగింది."