వెనక్కి తిరిగిన హంస

దేవుడి ముందు దీపం పెట్టిన ప్రతి పొద్దునా పరమేశ్వర్‌కు ఒకటే అనుమానం. ఇంకొకరి పొరపాటు వల్ల పుట్టినదాన్ని మనదని చెప్పుకుంటే అది దొంగతనమేనా? పటంలోని మార్కండేయ స్వామి ఇరవై ఏళ్లుగా బదులు చెప్పలేదు. పరమేశ్వరూ గట్టిగా అడగలేదు.

పోచంపల్లిలో వెనక్కి తిరిగి చూసే హంస చీర అంటే పరమేశ్వర్ చీరే. దానికే చేనేత సంఘం వాళ్లు శాలువా కప్పారు. అప్పటి ఫొటో మగ్గం పైన గోడకు ఉంది.

నల్లగొండలో పీజీ చదువుతున్న కూతురు హారిక ఆ చీర మీదే ప్రాజెక్టు రాసింది. సోమవారం ఇచ్చేయాలి. ఆదివారం పొద్దున మగ్గం పక్కన కూర్చుని చివరి కాగితం తీసింది.

"బాపూ, గీడ నేను సంతకం పెట్టాలె. ఎవరి పని వాళ్ల పేరు మీదనే రాసిన అని. హంసను కనిపెట్టింది మా బాపు అని రాసిన."

నేస్తున్న పరమేశ్వర్ చేతిలో నాడె ఆపాడు. "అది తప్పయితే ఏం జేస్తరు?"

"ప్రాజెక్టు కొట్టేస్తరు. ఎందుకు బాపూ?"

ఆయన నోరు విప్పకపోతే యూనివర్సిటీలో ఎవరికీ తెలియదు. కానీ ఆ కాగితం మీద పడే సంతకం బిడ్డది.

"నేను గీసిన హంస ముందుకే చూసింది బిడ్డా. గ్రాఫు కాగితం చినిగి రెండు ముక్కలైంది. పక్కింటి వసంతలక్ష్మి పెద్దమ్మ రంగు అంటకుండ నూలుకు ముడులు కట్టేటప్పుడు తల ముక్కను బోర్లేసి పెట్టుకున్నది. రంగు అద్దినంక చూస్తే తల ఎన్కకు తిరిగింది. నూలు ఆగం జేసినవని వాకిట్ల నిలబెట్టి తిట్టిన. తర్వాత గా చీర జూసి సేటు ఇంకా పది నెయ్యుమన్నడు. గప్పుడు మాత్రం నోరు మూసుకున్న."

హారిక శాలువా ఫొటో వైపు ఒకసారి చూసి లేచింది. "నడువు. పేరు రాయాలంటే ఆమెనడిగి రాయాలె. అది గూడ రూలే."

వసంతలక్ష్మి వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. హారిక చెప్పిందంతా విని నవ్వింది.

"తప్పు జేసినోళ్ల పేర్లు గూడ రాసుకుంటరానే మీ యూనివర్సిటీల? శాలువా గిట్ల కప్పుతరా?"

"కప్పరు పెద్దమ్మా. పేరైతే ఉంటది. గీసింది, నేసింది బాపు. తల తిప్పింది నువ్వు."

"రాయి మరి. తల తిప్పిన్నాడు మీ బాపు ఏమన్నడో గది గూడ రాయి. కండ్లు నెత్తి మీదున్నయా అన్నడు. మా ఆయన గూడ ఎన్నడూ గంత మాట అనలే."

పరమేశ్వర్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"వదినా, గా మాట వాపస్ తీసుకుంటున్న. వాకిట్లనే అన్న, వాకిట్లనే తీసుకుంటున్న."

ఆమె చేటను ఆయన ముందుకు జరిపింది.

"గట్లయితే మిగిలినయి నువ్వేరు. నువ్వేరినంక ఒక్క రాయి దొరికినా, కండ్లు యాడున్నయని నేనడుగుత."

హారిక పెన్ను మూత తీసింది. పరమేశ్వర్ చేటను ఒళ్లోకి లాక్కుని, తల వంచి ఏరడం మొదలుపెట్టాడు.