కార్డు ఉన్నవాళ్లకే ఆట

ఏడు వారాలుగా లారీ గోడ దగ్గరే నిలబడుతోందని తెలిసిన రోజున నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తేల్చుకోవడానికి ఇంకో వారం పట్టింది.

లారీ అంటే పదేళ్ల పిల్ల. ఐదో తరగతి. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంటుంది. మా సంస్థ తరఫున మేం ఏ బడికి ఆట తీసుకెళ్లినా, మొదటి రోజు పిల్లలందరూ తమకు నచ్చిన పేరొకటి పెట్టుకోవాలి. అది మా పద్ధతి. బడి రిజిస్టరులో పేరునీ, దానితో పాటు పడే మార్కులనీ తిట్లనీ బయట వదిలేసి రావాలని. తక్కినవాళ్లు చిలక, వెన్నెల, సింహం అంటుంటే, ఈ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, "నేను లారీ. అడ్డమొస్తే హారన్ కొడతా. అయినా జరక్కపోతే నా తప్పు కాదు" అంది. ఆ క్షణమే నాకు తెగ నచ్చేసింది.

మా పని చూసేవాళ్లకు పనిలాగే ఉండదు. తాళ్లు, రింగులు, పాత టైర్లు, అట్టపెట్టెలు, దుప్పట్లు వ్యానులో వేసుకెళ్లి బడి ఆవరణలో దింపి, పక్కకు తప్పుకుంటాం. ఏం ఆడాలో, ఎలా ఆడాలో పిల్లలే తేల్చుకుంటారు. ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే తప్ప మేం నోరెత్తకూడదు. "ఊరికే నిలబడినందుకు జీతమిస్తారుటే?" అని మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన ఆవిడకు నేను చెప్పి ఒప్పించలేను.

వ్యాను నడిపేది బాబాయి. నాకు చుట్టమేమీ కాదు, ఆఫీసులో అందరికీ బాబాయే. పాతికేళ్లు బస్సు కండక్టరుగా చేసి వచ్చాడు. కార్డుల ఆలోచన ఆయనదే. ప్రతి వారం ఎంతమంది ఆడారో మేం ఆఫీసుకు లెక్క పంపాలి. పరిగెత్తే పిల్లల్ని ఎవరు లెక్కపెట్టగలరు? నాలుగుసార్లు లెక్కపెడితే నాలుగు అంకెలు వచ్చేవి.

"టిక్కెట్టు పెట్టమ్మాయ్" అన్నాడు బాబాయి. "తలో అట్టముక్క ఇద్దాం. వచ్చేటప్పుడు డబ్బాలో వేసి వస్తారు. మనం తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు."

బ్రహ్మాండంగా ఉందనిపించింది. రంగు అట్టలు కత్తిరించి ఒక్కోదాని మీద ఒక్కో పిల్ల పేరు రాశాను. పక్క క్లాసువాళ్లు తోసుకుని వచ్చేస్తున్నారని, కింద 'కార్డు ఉన్నవాళ్లకే ఆట' అని కూడా చేర్చాను. గుండ్రంగా, నా చేత్తో. పక్కన పువ్వు కూడా వేశాను. ఆట అయ్యాక కార్డులన్నీ క్లాసు టీచరుకు ఇచ్చేవాళ్లం, ఆవిడ దగ్గరైతే పోకుండా ఉంటాయని.

పోకుండానే ఉన్నాయి. హోంవర్కు చేయని వాళ్ల కార్డులు ఆవిడ సొరుగులోంచి బయటికి రావడం మానేశాయి. మొదట ఇద్దరు, తర్వాత ఐదుగురు. గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు నాకు కనబడుతూనే ఉన్నారు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. అడగలేదు. డబ్బాలో కార్డులకీ ఆడేవాళ్లకీ లెక్క సరిపోతోంది కదా, ఇంకేం కావాలి! ఏడో వారానికి గోడ దగ్గర పదకొండు మంది పోగయ్యారు. అప్పుడు గాని నా కాళ్లు అటు కదల్లేదు.

"ఏమే లారీ, హారన్ పాడైందా?"

"కార్డు లేదక్కా. టీచర్ దగ్గరుంది."

"ఎందుకుంది?"

"లెక్కలు రాలేదు. పోయిన వారం కూడా రాలేదు. మొదట్నుంచీ రాలేదు."

ఏడవలేదు, కోపమూ లేదు. ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఏడ్చి ఉంటే నాకు ఇంత మండేది కాదు.

విసవిసా స్టాఫ్ రూంకి వెళ్లాను. టీచరు నన్ను చూసి కుర్చీ జరిపి మరీ కూర్చోమంది. యాభై రెండు మంది పిల్లలు, ఎదురుగా ఛాతీ ఎత్తు నోటు పుస్తకాల దొంతర. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నా పని సులువయ్యేది.

"మీ కార్డులొచ్చాక నాకు బెత్తంతో పనే లేదండీ. సొరుగు మీద చెయ్యి వేస్తే చాలు, గబగబా రాసేస్తున్నారు."

"రాసేవాళ్లు రాస్తున్నారు. ఏడు వారాలుగా రాయని పిల్ల మాటేంటండీ?"

"దానికింకా పట్టుదల రాలేదు."

"పట్టుదల కాదండీ రానిది, భాగహారం! అది రాకపోతే నేర్పాలి గాని, ఆట లాక్కుంటే వస్తుందా? వారానికి ఒక్క పీరియడు. అదీ బహుమతేనా?"

ఆవిడ సొరుగు తెరిచి, ఒక కార్డు నా ముందు పెట్టింది. "మరి దీని మీద ఏం రాసుందో మీరే చదవండి."

పువ్వు బాగానే వచ్చింది. కార్డు బల్ల మీదే వదిలేసి అక్కణ్ణించి వచ్చేశాను.

ఆఫీసులో మేడం నింపాదిగా విన్నారు. ఆవిడ ఏదైనా నింపాదిగానే వింటారు, ముందే నిర్ణయించుకుని ఉంటారు కాబట్టి.

"ఆ బళ్లో మూడొందల మంది ఆడుతున్నారు. హెడ్మాస్టరుతో పేచీ పెట్టుకుంటే రేపు గేటు వేసేస్తారు. పదకొండు మంది కోసం అందరి ఆటా పోగొడతావా? పైగా ఆ క్లాసు రిపోర్టు చూడు. డబ్బాలో కార్డు వేసిన ప్రతి ఒక్కరూ ఆడారు. నూటికి నూరు."

"కార్డు లేనివాళ్లు లెక్కలోకే రాలేదు మేడమ్. నూరు రాక ఏమొస్తుంది?"

"వచ్చే ఏడాది రూల్స్ మారుద్దాంలే."

వచ్చే ఏడాది లారీ పెద్ద బడికి వెళ్లిపోతుంది. పెద్ద బళ్లలో మాకు పని లేదు. ఆ పిల్లకు ఉన్నది వారానికి ఒక్క పీరియడు, అదీ ఈ ఏడాదే. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి ఆ ఒక్కటీ లెక్కలోది కాదు. తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చాను.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు దడదడలాడుతుంటే అత్తయ్య వచ్చింది. సంగతంతా వింది.

"నేనూ పిల్లల ఆట ఆపేదాన్నే" అంది.

"ఆపితే చదివేవారా?"

"చదివేవాళ్లు చదివేవారు. మిగతావాళ్లు... ఒకడు ఇప్పటికీ బజార్లో నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడే. నలభై ఏళ్లుంటాయి వాడికి." ఇంకేదో అనబోయి, నా చేతిలో గిన్నె అందుకుని తోమడం మొదలుపెట్టింది.

మరుసటి వారం బడి ముందు వ్యాను ఆగగానే, "డబ్బా దింపొద్దు బాబాయ్" అన్నాను.

"లెక్క ఎట్లా మరి?"

"మానేద్దాం. ఉద్యోగం పోతే పోనీ."

బాబాయి నా మొహం చూశాడు. దిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఈ రోజు టిక్కెట్టు లేదు! అందరూ ఎక్కండి!" అని కేకేశాడు. పాతికేళ్ల కొలువులో ఒక్కసారి కూడా అనని మాటట అది.

టీచరు పరుగున వచ్చింది. "ఇదేంటండీ, నేను చెప్పకుండానే!"

"కార్డులు నేను చేసినవి. నేనే రద్దు చేస్తున్నా. గేటు వేయాలంటే హెడ్మాస్టరుగారిని వచ్చి వేయమనండి. ఈ నలభై నిమిషాలూ మాత్రం ఒక్క పిల్ల కూడా గోడ దగ్గర నిలబడదు!" నా గొంతు ఆవరణంతా వినబడింది. టీచరు వెనక్కి వెళ్లిపోయింది.

గోడ దగ్గరి పదకొండు మందీ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ వచ్చారు. లారీ వాళ్లందర్నీ ఓ మూలకు తీసుకెళ్లి ఏదో చెప్పింది. అడ్డంగా తాడు కట్టించింది. అట్టపెట్టె ముందు టైరు వేసుకుని కూర్చుంది. నా గుండె నిండిపోయింది. టీచరాట ఆడుతోంది, ఆవిడ చూస్తే బాగుండును అనుకున్నాను.

"రామ్మా, రా బంగారం" అంది లారీ తియ్యగా. "బాగున్నావా? కార్డేదీ?"

"లేదక్కా" అన్నాడు సింహం.

"అయ్యో, లేదా? పోనీలే, వచ్చే వారం తెచ్చుకో నాన్నా. అలా పక్కకెళ్లి నిలబడు." వాడి బుగ్గ నిమిరింది.

టీచరు బుగ్గలు నిమరదు. మూడో వారం అనుకుంటాను, డబ్బా దగ్గర తచ్చాడుతున్న ఒక పిల్లతో నేను అన్న మాటలివి. మాట మాటా అవే. ఆ పిల్ల ఎవరో కూడా సరిగా చూడలేదు నేను. పదకొండు మందీ వంతులేసుకుని అక్కలయ్యారు. అందరికీ నా నవ్వు వచ్చు.

మళ్లీ తన వంతు వచ్చాక లారీ నా వైపు తిరిగింది. "నువ్వూ రా అక్కా. కార్డుందా?"

"లేదు."

"అయ్యో. అయితే గోడ దగ్గరికెళ్లమ్మా."

వెళ్లి నిలబడ్డాను. గోడ కాలుతోంది. కాసేపటికి బాబాయి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎదురుగా పిల్లలు ఆట మార్చేశారు. టైర్లు దొర్లించుకుంటూ, హారన్లు కొట్టుకుంటూ దుమ్ము రేపుతున్నారు. గంట కొట్టేదాకా మమ్మల్ని ఎవరూ పిలవలేదు.