ట్రక్కులో పెట్టుకునే తుపాకీ

తుపాకీ పట్టడంలో నన్ను మించినవాడు టెక్సాస్ తెలుగువాళ్లలో లేడు. నా మాట నమ్మకపోతే కృష్ణా లంకల్లో అడవిపందుల్ని అడగండి. నా పదిహేడో ఏట ఒక్క తూటాతో రెండు పందుల్ని పడగొట్టాను. మొదటిదానికి తూటా తగిలింది. రెండోది దాన్ని చూసి గుండె ఆగి పోయింది. మా తెలుగు చర్చిలో ఆరాధనయ్యాక భోజనాల దగ్గర ఈ కథ చెప్పని ఆదివారం లేదు. పాస్టరుగారి ప్రసంగం మర్చిపోయినవాళ్లు కూడా ఆ రెండో పందిని మర్చిపోలేదు.

అందుకే మా మేకల మీద కొయోటీలు పడ్డప్పుడు, "కృపావరం గారుండగా భయమేంటి" అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. నిశ్చింత లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మాకున్నది వేకో ఊరు దాటాక లోపలికి ఇరవై రెండెకరాలు, ముప్ఫయ్యొక్క మేక. మా ఆవిడ కరుణమ్మ తొంభై మూడులో నర్సుగా ఈ దేశం వచ్చింది, వెనకాల సామానుతోపాటు నేనూ వచ్చాను. ఆవిడ ఆసుపత్రిలో రోగుల్ని చూసింది, నేను అదే ఆసుపత్రి నేలమాళిగలో వాళ్ల దుప్పట్లు ఉతికాను. ఇరవై ఆరేళ్లు. ఆ గదికి కిటికీ లేదు. పొద్దున దిగితే పొద్దుగూకాక పైకి వచ్చేవాణ్ణి. రిటైరయ్యాక నాకు కావలసింది ఒక్కటే, పగలంతా ఆకాశం కనబడటం. మేకలు దానికో సాకు.

కొయోటీ అంటే నక్కకి పెద్దన్న, తోడేలుకి చిన్న తమ్ముడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల ఏడు మేకలు పోయాయి. కంచె బిగించాం. లైట్లు పెట్టాం. ఇక్కడివాళ్లు కాపలాకి గాడిదను పెంచుతారంటే అదీ తెచ్చాం. మా గాడిద కొయోటీ అరుపు వినగానే వచ్చి మా వరండాలో నిలబడేది. దానికే మేం కాపలా.

ఏడో మేకను పూడ్చి వచ్చిన రోజు కరుణమ్మ చేతులు కడుక్కుంటూ, నావైపు చూడకుండా అంది.

"ఏవండీ, నాకింక ఓపిక లేదు. ఇంకొక్కటి పోయిందంటే మిగిలినవన్నీ వేలానికి తోలేద్దాం. బాతెల్‌లో ఎలీనా మనకోసం గది ఖాళీగానే ఉంచింది."

ఎలీనా మా అమ్మాయి. ఏడాదిలో సగం రోజులు వాన పడే ఆ ఊళ్లో, మందుల కంపెనీలో పని.

"బాతెల్‌లో నేనేం చెయ్యాలే?"

"కిటికీలోంచి వాన చూడండి."

కిటికీ ఉందని చెప్పడానికే ఆ మాట అందనుకుంటాను. ఆవిడ నడుం నాకు తెలుసు, నా మోకాళ్లు ఆవిడకి తెలుసు. కానీ నాలుగ్గోడల మధ్యకి మళ్లీ పోవాలంటే నాకు ఊపిరాడదు.

ఆ శనివారం మా పక్క పశువుల ఆసామి డ్వేన్, ట్రక్కులో మూడు రైఫిళ్లు వేసుకొచ్చాడు. ఎనభై దాటిన మనిషి, మాట్లాడితే ఖర్చయిపోతుందన్నట్టు ఉంటాడు. అప్పటికే ప్లేనో నుంచి షాలేం రాజు దిగాడు. వీడు కరుణమ్మ తమ్ముడి కొడుకు, సాఫ్ట్‌వేర్. ఇంకా హెచ్-వన్ మీదే ఉన్నాడు. వాడి వీసాకి తుపాకీ కొనే యోగం లేదు గనక, సలహాలతో సరిపెట్టుకున్నాడు. పదకొండు రైఫిళ్లని పోలుస్తూ ఎక్సెల్ షీట్ చేసుకొచ్చాడు.

"మావయ్యా, వెయిట్‌కి ముప్ఫై పర్సెంట్ మార్కులు ఇచ్చాను. బ్యారెల్ లెంగ్త్‌కి ఇరవై. టోటల్ స్కోర్ ఇక్కడ ఆటోమేటిగ్గా వస్తుంది."

"కొయోటీకి ఎన్ని మార్కులిచ్చావురా?"

డ్వేన్ ఆ షీట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చాడు. "ఇది చదివేలోపు అది మేకను తినేసి పళ్లు కుట్టుకుంటూ ఉంటుంది" అన్నాడు. ఆ రోజుకి అతని కోటా అయిపోయిందనుకున్నాను గానీ, తుపాకుల దగ్గర ధారాళంగానే మాట్లాడాడు.

మొదటిది మామూలు ట్వంటీటూ. పాములకీ ఎలుకలకీ చాలు. కొయోటీకి తగిలితే గాయపడి పొదల్లో దూరి వారం రోజులు చస్తుంది, అలా చంపడం పాపం అన్నాడు. మూడోది టూ-టూ-త్రీ. పావుమైలు అవతలున్నా పడగొట్టొచ్చు, కానీ ఆ మోతకి చూడి మేకలు ఈచుకుపోతాయి, గురి తప్పితే తూటా మా కంచె దాటి రోడ్డు మీదికి పోతుంది. రెండోది ట్వంటీటూ మాగ్నం. సన్నదే గాని తూటా పొడుగు, వంద గజాల దాకా పని చేస్తుంది. మా మేత పొలం పొడుగు అంతే.

ట్రక్కులో పెట్టుకునేదానికి అందం అక్కర్లేదట. గొట్టం పొట్టిగా ఉండాలి, లేకపోతే లోపల తిప్పుకునేలోపు స్టీరింగుకి తగులుకుంటుంది. భుజానికి ఆనించే మడమ ప్లాస్టిక్‌దైతే ఎండకి పగలదు. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్, అంటే పక్కనుండే గడియ, లాగి లోపలికి ఎక్కించేదైతే దుమ్ముకి మొరాయించదు. ఇంకా, పైన దుర్భిణి బిగించుకోమన్నాడు.

"నాకు దుర్భిణి ఎందుకు? పందుల్ని ఉత్త కంటితో కొట్టినవాణ్ణి" అన్నాను.

డ్వేన్ ఏభై గజాల దూరంలో అయిదు బీన్స్ డబ్బాలు పెట్టాడు. అయిదు తూటాలు కాల్చాను. ట్రక్కు వెనక దించిన తలుపు మీద కూర్చుని వేరుశనగకాయలు వొలుచుకుంటున్న కరుణమ్మ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూసింది.

"డబ్బాలన్నీ కులాసాగానే ఉన్నాయండి."

"వీటిలో నువ్వు గురిపెట్టింది ఏది?" అన్నాడు డ్వేన్, మర్యాదగా.

షాలేం రాజు నా ముఖంలోకి చూశాడు. వాడు చిన్నప్పటి నుంచీ ఆ పందుల కథ విని పెరిగినవాడు. ఇంక దాచి లాభం లేదు, దాచే ఓపికా లేదు.

"ఒరే అల్లుడూ, ఆ పందిని కొట్టింది నేను కాదు. ఇటుకల లారీ. నేను వెళ్లింది కూర కోసం."

"మరి రెండో పంది?"

"అసలు లేదు. కూర చాల్లేదని రెండోదాన్ని తర్వాత కలిపాను."

"మీరు తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదా మావయ్యా?"

"తిరునాళ్లలో బుడగలు కొట్టే తుపాకీ పట్టుకున్నాను. ఒక బుడగ పగిలింది కూడా. అది పక్కవాడు కొట్టాడు."

కరుణమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫిబ్రవరి తర్వాత ఆవిడ నవ్వడం అదే. నాకు బరువు దిగినట్టయింది. ఏభై ఏళ్లుగా రెండు పందుల్ని మొయ్యడం తేలికనుకోకండి.

డ్వేన్ చెప్పిందేంటంటే, ముసలి కన్ను తుపాకీ మీది వెనక గుర్తునీ, ముందు గుర్తునీ, అవతలి జంతువునీ ఒకేసారి చూడలేదు. నాకు రెండు కళ్లకీ శుక్లాలు తీసేశారు. దుర్భిణిలో అయితే అన్నీ ఒకచోటే కనబడతాయి. తన మాగ్నానికి దుర్భిణి బిగించి ఇచ్చాడు. ఈసారి మూడు డబ్బాలు పడ్డాయి. రైఫిల్ ఏదో తేలిపోయింది.

అదే మధ్యాహ్నం నేనూ, కరుణమ్మా, షాలేం రాజూ ఊళ్లో తుపాకుల కొట్టుకి వెళ్లాం. గాలాలూ, బూట్లూ, తుపాకులూ అన్నీ అమ్మే చిన్న కొట్టు. గొలుసు కళ్లద్దాల పెద్దావిడ కూర్చుని ఉంది. అలాంటిదే పొట్టి మాగ్నం తీసి బల్ల మీద పెట్టింది, చాలా పొడుగు ఫారం ఇచ్చింది. మొదట్లోనే ఉంది ప్రశ్న, ఈ తుపాకీకి అసలు కొనుగోలుదారువి నువ్వేనా అని. నేనే. టిక్కు పెట్టాను. అన్నీ సరిపోయాయి.

సరిపోనిది మా మర్యాద.

మనవాళ్ల సంగతి మీకు తెలుసు. హోటల్లో బిల్లు వచ్చిందంటే కుస్తీ పడతాం. నేను జేబులోంచి కార్డు తీసేలోపు షాలేం రాజు తన కార్డు ఆవిడ చేతిలో పెట్టేశాడు.

"మావయ్యా, మీరుండండి. నేనిస్తాను."

"ఒరే, తియ్యరా."

"మీరు పెద్దవారు, మీచేత పెట్టిస్తానా? అత్తయ్యా, మీరైనా చెప్పండి."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ కార్డు మీద పేరు చూసింది, ఫారం మీద పేరు చూసింది. కళ్లద్దాలు దించింది.

"ఈ తుపాకీ ఎవరికి?"

అప్పటికైనా వాడు ఊరుకోవాలి కదా. చక్కగా నవ్వి, ఇంగ్లీషులో, "ఎవరిదైతే ఏముంది మేడం, మేమంతా ఒకటే కుటుంబం. ఆయనదైతే నాది కాదా?" అన్నాడు.

ఆవిడ కార్డు వాడికిచ్చేసి, తుపాకీ తీసి వెనక గోడకి పెట్టేసింది. ఒకరి పేరు మీద ఇంకొకరికి తుపాకీ కొనడం ఈ దేశంలో జైలు సంగతి.

"నీకే చెబుతున్నాను, పెద్దాయనా. మీరు మంచివాళ్లే కావచ్చు. కానీ ఇవాళ ఇది ఈ కొట్టు దాటదు."

నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడాను. మేకల సంగతి చెప్పాను, గాడిద సంగతి కూడా చెప్పాను. ఆవిడ తల ఊపుతూనే ఉంది, తుపాకీ మాత్రం గోడ దిగలేదు.

దారిలో షాలేం రాజు ముఖం పాలిపోయి ఉంది. "మావయ్యా, నా పేరు ఎక్కడైనా రాసుకుంటారంటారా? వచ్చే నెల వీసా స్టాంపింగ్ ఉంది."

"రాసుకుంటే ఏమని రాసుకుంటారురా? మర్యాదస్తుడు అని."

వాడు నవ్వలేదు. వెనక సీట్లో కరుణమ్మ కళ్లు మూసుకుని, "ఎలీనాకి ఫోన్ చేస్తాను" అంది.

సోమవారం తెల్లారేసరికి ఒక పిల్లమేక కంచె పక్కన పడి ఉంది. తొడ చీలిపోయింది, ఊపిరుంది. కరుణమ్మ వంటింటి బల్ల మీద దాన్ని పడుకోబెట్టి ఏడు కుట్లు వేసింది. నేను కాళ్లు పట్టుకున్నాను.

"ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడిగాను.

"బతికితే రాదు" అంది, దారం కొరుకుతూ.

మంగళవారం ఒక్కణ్ణే వెళ్లాను. గొలుసు కళ్లద్దాలావిడ నన్ను చూసి, నా వెనక తలుపు వైపు చూసింది.

"అబ్బాయి రాలేదా?"

"ఇంట్లో కట్టేసి వచ్చాను."

"తుపాకీ ఎవరికి?"

"నాకు. చెయ్యి నాది, కార్డు నాది, మేకలూ నావే."

మళ్లీ ఫారం. ఎక్కడికో ఫోన్ చేసి నా పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుంది. పావుగంటలో దుర్భిణి బిగించిన తుపాకీ నా చేతికొచ్చింది. కుదుపులకి దుర్భిణి గురి తప్పకుండా పాత బొంతలో చుట్టి, తూటాలు తీసి విడిగా పెట్టి, ట్రక్కులో సీటు వెనక పడుకోబెట్టాను.

ఇక రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మేత పొలం అంచున ట్రక్కు ఆపుకుని కూర్చోవడం. ఎనిమిది రోజులు ఏమీ రాలేదు. మోకాళ్లు బిగుసుకుపోయేవి, కాఫీ చల్లారిపోయేది. రెండు పొద్దులు నేను నిద్రపోయాను, ఆ రెండు పొద్దులూ అది వచ్చి పోయి ఉంటుందని నా అనుమానం.

తొమ్మిదో రోజు వచ్చింది. అప్పుడే తూర్పున వెలుతురు పడుతోంది. పొలం మధ్యలోకి నడుచుకుంటూ వచ్చి నిలబడింది. డొక్కలు ఎండిపోయి, ఎముకలు లెక్కపెట్టేలా ఉంది. దుర్భిణిలో దాన్ని చూస్తే నా వయసు దానికీ ఉందనిపించింది. కిటికీ అంచు మీద తుపాకీ ఆనించి కాల్చాను. దాని పక్కన జానెడు దూరంలో మన్ను లేచింది. అది నావైపు ఓ చూపు చూసి, తొందరేం లేదన్నట్టు వెళ్లిపోయింది. ఇంకో తూటా కాల్చే వ్యవధి ఉంది. జాలేసి కాల్చలేదు.

కరుణమ్మ శాలువా కప్పుకుని వచ్చింది.

"తగిలిందా?"

"లేదు."

"మళ్లీ వస్తుందా?"

"వస్తుందే."

ఆవిడ ట్రక్కెక్కి నా పక్కన కూర్చుంది. తుపాకీ నా చేతిలోంచి తీసుకుని, బోల్ట్ లాగి లోపల ఖాళీ చేసి, మళ్లీ చూసుకుంది. ఆసుపత్రిలో సూది మందు చూసుకున్నట్టు. మేకల వైపు చూసింది. కుట్లు వేసిన పిల్ల మూడు కాళ్ల మీద తల్లి వెనకాల గెంతుతోంది.

"రేపటి నుంచి రోజు మార్చి రోజు నేను కూర్చుంటాను. మీరు పడుకోండి" అంది.

"నీ నడుం?"

"ముప్ఫై ఏళ్లు నైట్ డ్యూటీలు చేశాను. ఇక్కడ కూర్చునే కదా చెయ్యాలి. మీరిలా రోజూ కూర్చుంటే ముందు పోయేది మేక కాదు."

"మరి ఎలీనాకి?"

"ఏదో చెబుతాను లెండి."

మేకలు ఇరవై నాలుగూ ఉన్నాయి. మేమూ ఇక్కడే ఉన్నాం.

చివరికో నిజం చెప్పి లేస్తాను. ఇందులో మిగతాదంతా జరిగిందే. ఆ కొయోటీ బక్కచిక్కి ఉందన్నది మాత్రం నేను కల్పించింది. జాలేసి వదిలేశానంటే మీరు నమ్మాలి కదా. నిజానికది నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. ఎందుకుండదు, ఏడు మేకలు తింది. రెండో తూటా కాల్చకపోవడానికి కారణం, కంగారులో బోల్ట్ లాగాలన్న సంగతే నాకు గుర్తుకు రాలేదు.