ఎండ తిన్న పచ్చ

సోమవారం సాయంత్రం వీధివైపు అద్దాల అరలోంచి ట్రే బయటికి లాగుతూ రేడియో వదిన ఆగిపోయింది. "ఇవి పొద్దున పెట్టినవేనా?" అంది.

నేను తొట్టి దగ్గర ట్రేలు తోముతున్నాను. చేతులు తుడుచుకుని వెళ్లి చూశాను. పొద్దున ఓవెన్‌లోంచి తీసినప్పుడు ఆ బిస్కెట్లు లేత చిగురు రంగులో ఉన్నాయి. నిమ్మరసం, నారింజ తొక్క తురుము కలిపిన ఐసింగ్‌ని వాటి మీద సన్నని గీతలుగా వేసింది నేనే. ఆ తెల్ల గీతలు చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న పచ్చ మాత్రం ఎండుగడ్డి రంగుకు తిరిగింది.

మాది నలుగురు మనుషుల బేకరీ. యజమానురాలిని అందరం పెద్దమ్మ అంటాం. ఓవెన్ చూసుకునే మాస్టర్ ఆవిడ సొంత తమ్ముడు. కౌంటర్‌లో కూర్చునేది ఆవిడ కోడలు. నోటికి విశ్రాంతి లేదు కాబట్టి ఆమె రేడియో వదిన. నాలుగో మనిషిని నేను. రెండేళ్లుగా ట్రేలు కడుగుతున్నాను. ఎక్కువ మాట్లాడనని మాస్టర్ నాకు మూగనోము అని పేరు పెట్టాడు.

మా వీధిలో ఏటా వసంతం రాగానే ఒక ఆదివారం దుకాణాలన్నీ బల్లలు బయట వేస్తాయి. పూలకుండీలు, బొమ్మలు, పిల్లల పాటలు, సాయంత్రం దాకా సంబరం. మా బల్ల మీద ఎప్పుడూ వెన్న బన్నులే ఉంటాయి. ఈసారి కొత్తగా ఏదైనా పెడదామని పెద్దమ్మ అన్న రోజున, మిగిలిన పిండిలో గ్రీన్ టీ పొడి కలిపి నాలుగు బిస్కెట్లు కాల్చి, కాగితంలో పెట్టి ఆవిడ ముందుంచాను. రెండు తిన్నది. మూడోది తమ్ముడికి ఇవ్వబోయి, మనసు మార్చుకుని తనే తినేసింది.

"రంగు బాగుంది. సంబరం నాటికి ఈ రంగు నిలబెట్టు, బల్ల మీద ఇవే పెడదాం. వచ్చే నెల నుంచి పిండి బల్ల దగ్గర నీకు చోటు," అంది. తర్వాత నా మొహం చూసి, "నిలబడకపోతే బన్నులే. నీకు ట్రేలే. తర్వాత నన్ను అనకూడదు," అంది.

పిండి బల్ల గది మధ్యలో ఉంటుంది. తొట్టి దగ్గర నిలబడితే అక్కణ్నుంచి నాకు కనిపించేది మాస్టర్ వీపు ఒక్కటే. రెండేళ్లుగా ఆ వీపును చూసే పని నేర్చుకున్నాను. వెన్న గట్టిగా ఉంటే భుజాలు పైకి లేస్తాయి. పిండి కుదిరిందంటే మెడ కాస్త పక్కకి వాలుతుంది. ఆ బల్లకి అటువైపు నిలబడి ఆయన చేతులు చూడాలని నాకు కోరిక.

వెలిసిన బిస్కెట్టును మాస్టర్ వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "వేడి తినేసింది," అన్నాడు.

"తీసినప్పుడు పచ్చగానే ఉన్నాయి మాస్టర్."

"బయటికొచ్చినంత మాత్రాన కాలడం ఆగిపోతుందా? లోపల వేడి ఉంటుంది కదా. అది మెల్లగా తింటుంది."

మంగళవారం ఓవెన్ వేడి తగ్గించి, రెండు నిమిషాలు ముందే తీశాను. వెంటనే జల్లెడ మీద ఆరబెట్టాను. చేత్తో తాకితే చల్లగా ఉన్నాకే అద్దంలో పెట్టాను. సాయంత్రానికి మళ్లీ ఎండుగడ్డే.

బుధవారం పొద్దున మాస్టర్ పైఅరలోంచి చిన్న సీసా తీసి నా ముందు పెట్టాడు. చిలకపచ్చ రంగు.

"రెండు చుక్కలు వెయ్యి. ఏడాదైనా దిగదు. ఎందుకీ బాధ?"

"వద్దు మాస్టర్."

"ఏం, దాన్ని ముట్టుకుంటే దోషమా?"

"అప్పుడు అవి సీసా బిస్కెట్లు అవుతాయి. నావి కావు."

కౌంటర్ వైపు నుంచి నవ్వు వినిపించింది. "అత్తయ్యా, వినండి. మూగనోము నోరు విప్పింది. మావయ్యకి మాట తగిలింది."

"తగల్లేదు," అన్నాడు మాస్టర్. కానీ సీసాను పైన పెట్టి, అవసరమైన దానికంటే గట్టిగా అర తలుపు వేశాడు.

పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడింది. "శుక్రవారం సాయంత్రానికి నాకు ఏదో ఒకటి తెలియాలి. బన్నులకైతే పిండి ముందు తెప్పించుకోవాలి," అని లోపలికి వెళ్లిపోయింది.

వెలిసిన బిస్కెట్లు వెనకగదిలో ఉన్న విరుపుల డబ్బాలో వేశాను. అది మాస్టర్ నియమం. చిట్లినది, అంచు విరిగినది, రంగు చెడినది ఏదీ కౌంటర్ ఎక్కకూడదు, అన్నీ ఆ డబ్బాలోకే పోవాలి. ముప్పై ఏళ్లలో విరిగిన సరుకు ఒక్కటి కూడా కొనేవాళ్ల కంటపడలేదని ఆయన గొప్ప. ఎన్ని వేసినా ఆ డబ్బా మాత్రం ఎప్పుడూ నిండదు.

మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు నేను ఆ డబ్బా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఒక బిస్కెట్టు తీసుకున్నాను. తినబుద్ధి కాలేదు. ఊరికే ఐసింగ్ గీతను గోటితో గీకాను. అది పెచ్చులా ఊడి వచ్చింది. దాని కింద సన్నని గీత, చిగురాకు రంగులో కనిపించింది.

ఇంకో గీత గీకాను. దాని కింద కూడా పచ్చే. ఐసింగ్ ఉన్న చోటల్లా పచ్చ ఉంది, లేని చోటల్లా పోయింది.

మా ఊరి బడిలో రెండు ప్రపంచపటాలు ఉండేవి. కిటికీ ఎదురుగా వేలాడే పటంలో సముద్రాలన్నీ తెల్లబడిపోయాయి. తలుపు వెనకాల ఉన్న దానిలో మాత్రం నీలంగానే ఉండేవి. రెండూ ఒకే రోజు తెచ్చారని పంతులమ్మ చెప్పింది. ఏడాదంతా ఆ రెండు సముద్రాలను చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు నా బిస్కెట్టు మీద అదే కనిపించింది. వేడి చేసిన పని అయితే ఐసింగ్ కింద కూడా పోయేది. పచ్చను తిన్నది వేడి కాదు, ఎండ.

మాటలతో చెబితే మాస్టర్ ముందు నేను నెగ్గలేను. అందుకే గురువారం పొద్దున ఐసింగ్ వెయ్యని బిస్కెట్టు ఒకటి తీసుకుని, దాని మీద ఆకు ఆకారంలో కత్తిరించిన కాగితం పరిచి, అద్దంలో ఎండ బాగా పడే మూలన పెట్టాను. రేడియో వదిన అడగనే అడిగింది.

"ఏంటది?"

"రేపటిదాకా కదపకు వదినా."

"చెప్పకపోతే నాకు అన్నం సయించదు."

"రేపు సయిస్తుందిలే."

ఆ రెండు రోజులూ ఆమె ఆ మూల చుట్టే తిరిగింది గానీ, వేలు మాత్రం పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఆ బిస్కెట్టును చిన్న పళ్లెంలో పెట్టి పిండి బల్ల మీద ఉంచాను. పెద్దమ్మ, మాస్టర్, వదిన చుట్టూ నిలబడ్డారు. కాగితం తీశాను. ఎండుగడ్డి రంగు బిస్కెట్టు మీద పచ్చటి ఆకు, అంచులతో సహా.

మాస్టర్ వంగి చూశాడు. వేలితో రుద్దాడు. రంగు వేశానేమో అనుకున్నట్టున్నాడు. వేలు చూసుకున్నాడు. అంటలేదు.

"అయితే నా ఓవెన్ తప్పేం లేదన్నమాట," అన్నాడు.

"నీ ఓవెన్‌ని ఎవరన్నారురా? వేడి అంటూ మొదలుపెట్టిందే నువ్వు," అంది పెద్దమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "సరే, ఎండ అనుకుందాం. మరి సంబరం ఎక్కడ జరిగేది? నడివీధిలో, నెత్తి మీద ఎండలో. అప్పుడేం చేస్తావు?"

దానికీ ఆలోచించి ఉంచాను. "గీతలు కాకుండా పైనంతా ఐసింగ్ పూస్తాను. చిక్కగా. అదే గొడుగు."

"పైనంతా తెల్లగా ఉంటే లోపల పచ్చ ఉందని ఎవరికి తెలుస్తుంది? కనపడని దాన్ని ఎవరు కొంటారే?"

"ఒకటి విరిచి ముందు పెడదాం పెద్దమ్మా. అది వెలిసిపోగానే ఇంకొకటి."

వదిన చప్పున మాస్టర్ వైపు తిరిగింది.

"విరిచా?" అన్నాడు మాస్టర్. గొంతు పెంచలేదు. "ఐసింగ్ ఎంత కావాలంటే అంత పూసుకో. ఓవెన్ నీకు వదిలేస్తాను. విరిగింది మాత్రం నా బల్ల ఎక్కదు."

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ పైట సర్దుకుంది. "అది వాడి పట్టు. ముప్పై ఏళ్లుగా నేనే కదిలించలేకపోయాను, నువ్వెంత? బిస్కెట్లు చెయ్యి. బన్నులు కూడా చేద్దాం. మధ్యాహ్నం దాకా నీవి కదలకపోతే బల్ల మధ్యలోకి బన్నులు వస్తాయి."

శనివారం రెండు వందల బిస్కెట్లు కాల్చాను. పొడిని మూడుసార్లు జల్లించాను, లేకపోతే ఉండలు కట్టి చేదు తగులుతుంది. ఐసింగ్ దగ్గరే కష్టపడ్డాను. నిమ్మరసం ఎక్కువైతే పలచబడి అద్దంలా ఆరుతుంది, వెలుతురు లోపలికి దూరుతుంది. తక్కువైతే పగిలిపోతుంది. గరిటె ఎత్తితే నాడాలా జారి, సరిగ్గా పది లెక్కపెట్టేసరికి గిన్నెలో కలిసిపోవాలి. మొదటి గిన్నె ఎనిమిదికే కలిసిపోయింది, ఇంకాస్త పంచదార పొడి వేశాను. రెండో గిన్నె పదిహేను దాటినా కలవలేదు, చెంచాడు రసం పోశాను. మూడోది కుదిరింది. ముందు అంచు గీసి, తర్వాత మధ్య నింపుతూ పోయాను. ఆ రోజు మాస్టర్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ వంద దాటాక తిరిగి చూస్తే, నా వెనక ఆరిన ట్రేలన్నీ ఎవరో నీడ ఉన్న గోడవైపు జరిపి ఉంచారు.

ఆదివారం ఎండ బాగా కాసింది. బల్ల మీద ఒక పక్క బన్నులు, ఒక పక్క నా బిస్కెట్లు. వదిన అట్టముక్క మీద 'గ్రీన్ టీ బిస్కెట్లు, రంగు కలపలేదు' అని పెద్ద అక్షరాలతో రాసి నిలబెట్టింది. తను బన్నుల వైపు నిలబడింది. బన్నులు చకచకా పోతున్నాయి.

నా వైపు వచ్చినవాళ్లు అట్ట చదువుతారు, బిస్కెట్లు చూస్తారు, మళ్లీ అట్ట చదువుతారు.

"గ్రీన్ అని రాశారు. తెల్లగా ఉన్నాయేంటి?" అని ఒకాయన అడిగాడు.

"లోపల పచ్చగా ఉంటాయి," అన్నాను. నా మాట నాకే సరిగా వినిపించలేదు. ఆయన బన్నుల వైపు జరిగాడు.

గంట పదకొండు దాటింది. ఏడు మాత్రమే పోయాయి. వాటిలో రెండు పూలకుండీలావిడ జాలితో కొన్నవి. పెద్దమ్మ తలుపులోంచి ఒకసారి చూసింది. ఆవిడ చేతిలో ఖాళీ అయిన బన్నుల ట్రే ఉంది, తర్వాతి ట్రేకి బల్ల మధ్యలో చోటు చూస్తోంది.

ఇంకాస్త ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. రేపు తొట్టి దగ్గర నిలబడి ఆ వీపునే చూస్తూ ఉంటాను. ఎల్లుండీ అంతే.

ఒక బిస్కెట్టు తీసి రెండు చేతులతో విరిచాను. సరిగా విరగలేదు. మూడు ముక్కలైంది, ఐసింగ్ పెచ్చులు బల్ల మీద రాలాయి. కానీ లోపల పచ్చ, సోమవారం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ముక్కలను పళ్లెంలో పెట్టి పళ్లెం పైకెత్తాను.

"చూడండి," అన్నాను. ఎవరూ తిరగలేదు. ఊపిరి పీల్చుకుని ఇంకోసారి అన్నాను. "ఇటు చూడండి. పచ్చ లోపల ఉంది. ఎండకి పోకుండా పైన నిమ్మ ఐసింగ్ కప్పాం. రుచి చూసి తీసుకోండి."

వీధి అవతల దాకా వినిపించినట్టుంది. వదిన బన్ను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పాప వాళ్ల నాన్న చెయ్యి లాగుతూ వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, ముందు పులుపుకి కళ్లు మూసి, తర్వాత రెండోది అడిగింది. వాళ్ల వెనక ఇద్దరు ఆగారు. వాళ్ల వెనక ఇంకొందరు.

పళ్లెం ఖాళీ అయింది. ఇంకొకటి తీశాను. అదీ ముక్కలైంది. మూడోది తీస్తుంటే నా పక్కన పిండి వాసన వచ్చింది. మాస్టర్. ఎప్పుడు బయటికి వచ్చాడో తెలియదు. బల్ల మీద రాలిన పెచ్చులను చూస్తున్నాడు.

నేను బిస్కెట్టు కింద పెట్టలేదు. "విరవకపోతే కనపడదు మాస్టర్," అన్నాను.

ఆయన నా చేతిలోంచి బిస్కెట్టు తీసుకున్నాడు. తిరిగి ట్రేలో పెడతాడనుకున్నాను. బొటనవేలి గోరు ఐసింగ్ మధ్యన ఆనించి చిన్నగా నొక్కాడు. టక్కుమని రెండు సగాలుగా విడిపోయింది. ఒక్క పెచ్చు రాలలేదు.

"కనపడాలంటే ఇలా విరవాలి. నువ్వు చేస్తున్నది విరవడం కాదు, పీకడం," అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ ముసలాయన చేతిలో ఒక సగం పెట్టాడు. రెండోది పళ్లెంలో పెట్టి, పచ్చ కనిపించేలా తిప్పాడు. తర్వాత ఇంకొకటి తీసుకున్నాడు. మళ్లీ టక్కు. మళ్లీ రెండు సరైన సగాలు.

"మావయ్యా, మీకు విరవడం ఇంత బాగా ఎలా వచ్చు?" అంది వదిన. "ముప్పై ఏళ్లలో ఒక్కటి కూడా విరగలేదన్నారుగా."

"బల్ల ఎక్కలేదన్నాను. ఆ డబ్బా ఇన్నేళ్లూ విరుచుకు తిని ఖాళీ చేసింది ఎవరనుకున్నావు?" అన్నాడు మాస్టర్.

లోపల పెద్దమ్మ నవ్వు వినిపించింది. ఆవిడ ఖాళీ బన్నుల ట్రేను తొట్టి దగ్గర పెట్టి బయటికి వచ్చి, అట్టముక్కను బల్ల మధ్యలోకి జరిపింది. నేను అలవాటు కొద్దీ ట్రే కడగడానికి లోపలికి ఒక అడుగు వేశాను.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టర్, తల తిప్పకుండా. "ఇటు వచ్చి నా చెయ్యి చూడు. గోరు ఎక్కడ ఆనిస్తున్నానో చూడు."

నేను బల్లకి అటువైపు వెళ్లి, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.