పడుకున్న వరస

లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకు తోటపని అంటగట్టారు. "నీకో ఖాళీ పీరియడ్ ఉందిగా" అంది హెడ్‌మిస్ట్రెస్. ఖాళీ ఉంటే కూర్చోనివ్వరు కదా ఈ లోకంలో! పైగా ఒక మెలిక. టర్మ్ అయిపోయేలోగా తోటలో ఏదైనా పండాలి, లేకపోతే ఆ జాగా సైకిల్ స్టాండుకు పోతుంది.

వేరుశనగ వేశాం. తినడం తప్ప, మొక్కను చూసిన పాపాన నేనూ పోలేదు, నా ఐదో తరగతి పిల్లలూ పోలేదు. తలా ఒక వరస. పసుపు పూలు పూసినప్పుడు వాళ్ళు చేసిన హంగామా అంతా ఇంతా కాదు. పూలు వాడాక వాటి చోట సన్నటి ఊడలు పుట్టి నేలవైపు వంగాయి.

"టీచర్, మొక్కలు నీరసంతో పడిపోతున్నాయి!" అని ఒకటే గోల.

క్లాసు లీడరు ఇంటినుంచి దారపుండ తెచ్చింది. పుల్లలు పాతి, ఒక్కో ఊడనూ నేలకు తగలకుండా పైకెత్తి కట్టారు. ఆ ఓపిక చూసి నాకెంత ముచ్చటేసిందో!

ఒక్క వరస మాత్రం నేలమీద పడుకునే ఉంది. అది నత్త అని పిలిచే పిల్లది. అన్నం తినడం, బ్యాగు సర్దడం, ఏదైనా నిదానమే కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు.

"ఎందుకే కట్టలేదు?" అంటే నేలచూపులు చూసింది.

హెడ్‌మిస్ట్రెస్ రేపు వస్తుందనగా లీడరు తీర్పు చెప్పేసింది. "ఆ వరస పీకేద్దాం టీచర్. దానివల్ల అందరి పరువూ పోతుంది."

నత్త వెళ్ళి తన మొక్కలకు అడ్డంగా కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు, అయినా కదలదు. నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ, ఆ మొహం చూశాక ఎవరు పీకుతారు? "ఉండనీండర్రా, ఒక్క వరసకు కొంపలేం మునగవు" అన్నాను.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ కట్టిన వరసలన్నీ మెచ్చుకుని, లీడరును ఒక మొక్క పీకమంది. వేళ్ళు, మట్టి, అంతే. ఇంకో వరసలో పీకారు. అక్కడా ఒక్క కాయ లేదు. లీడరు మొహం చిన్నబోయింది.

"సరే, స్టాండు పని మొదలెట్టిద్దాం" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

"మేడమ్, నాది చూళ్ళేదు" అంది నత్త.

రెండు చేతులా కుదురు పట్టి లాగింది. నేల పగిలింది. మట్టితోపాటు గుత్తులు గుత్తులుగా కాయలు!

పిల్లల్లో ఒకడు, "ముందే పాతిపెట్టిందేమో టీచర్!" అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ చీర మాస్తుందని కూడా చూడకుండా మట్టిలో మోకాళ్ళమీద కూర్చుంది. కాయ పట్టుకుని పైకి వెతికింది. కాయ పైన ఊడ, ఊడ పైన కొమ్మ, అక్కడ ఎండిపోయిన పువ్వు.

"అమ్మో! పూసింది వెలుతుర్లో, కాసింది చీకట్లో. తనంతట తనే లోపలికి దిగిందర్రా!"

నా ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా గుప్పెళ్ళకొద్దీ నమిలాను, ఇంత వింత నా పంటికింద ఉందని ఎరగను. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చి చూస్తున్నారు.

"స్టాండు గోడ అవతల కట్టుకుంటాంలే" అంది ఆవిడ మెల్లగా. తర్వాత నత్త గడ్డం పట్టుకుంది. "నువ్వెందుకు కట్టలేదే తల్లీ? నీకు ముందే తెలుసా?"

నత్త తల అడ్డంగా ఊపింది.

"తెలీదు మేడమ్. ఒక ఊడను ఎత్తి చూశా, రానంది. ఏదో పనిమీద వెళ్తున్నట్టుంది, వెళ్ళనిచ్చా."