ఆయన నోట నా మాట

"రాత్రి నిద్ర పట్టిందామ్మా?" అని నర్సు అడిగింది.

"పట్టిందండీ, హాయిగా పడుకుంది," అన్నారు మా ఆయన.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నన్ను అడిగినదానికి ఆయనే జవాబు చెప్తారు. బట్టల కొట్లోనూ అంతే, పిల్ల బడిలోనూ అంతే. నేను కుట్టుపని చేసే షెడ్డుకు ఫోన్ చేసి, "ఆవిడకి తలలో గడ్డండీ, రెండు నెలలు రాదు," అని చెప్పిందీ ఆయనే. నాకూ అలవాటైపోయింది. నోరు తెరిచే శ్రమ తప్పిందనుకునేదాన్ని.

గడ్డ తీసి ఆరు రోజులైంది. ఆ పొద్దున ఎందుకో నేనే చెబుదామనుకున్నాను. మాట రాలేదు. లోపల ఉంది, నాలుక మీదికి రాలేదు. ఈలోగా జవాబు వినపడింది. ఒక్క క్షణం ఆ గొంతు నాదే అనుకున్నాను. దుప్పటి మీద ఒక కుడిచెయ్యి పడి ఉంది, ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు. బొటనవేలి మీద మిషను సూది దిగిన మచ్చ చూసి నాదని గుర్తుపట్టాను.

"చేతులు రెండూ ఎత్తండమ్మా," అంది నర్సు, కాగితం మీద రాసుకుంటూ.

ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తారు. "ఎత్తింది చూడండి."

"ఆపరేషనయ్యాక నెమ్మదస్తురాలైంది," అంది మంచం పక్కన కూర్చున్న అత్తగారు. "గడ్డతోపాటు గొణుగుడు కూడా కోసేశారేమో!"

నర్సు నవ్వి టిక్కు పెట్టింది. లోపల నేను కేకలు పెడుతున్నాను. గదిలో మాత్రం నేను బాగానే ఉన్నాను.

"మీ పేరు చెప్పండమ్మా."

ఆయన నోరు తెరిచారు. ఎడమచేత్తో ఆ నోరు మూశాను. నా అరచేతి కింద నా పేరు వెచ్చగా కదిలింది.

ఇక జవాబు లేదు. నర్సు తలెత్తి నా ముఖం చూసింది. డాక్టరు కోసం పరుగెత్తింది.

తలలో రక్తనాళం ముడుచుకుపోయిందన్నాడు డాక్టరు. తొడలోంచి తలదాకా సన్నటి గొట్టం పంపి మందు వదలాలన్నాడు. "ఎప్పటినుంచి మాట్లాడటం లేదీవిడ? తొందరగా చెప్పండి."

ఆయన వాళ్ళమ్మ వంక చూశారు. "మాట్లాడుతూనే ఉందిగా..."

మందుతో నాళం తెరుచుకుంది. సాయంత్రానికి మాటలు ఒకటీ రెండూ వచ్చాయి.

"మళ్ళీ ముడుచుకోవచ్చు. ఇంకో వారం కనిపెట్టి ఉండాలి," అన్నాడు డాక్టరు. "పక్కన ఎవరుంటారు?"

"నేనుంటానండీ," అన్నారు ఆయన.

"వద్దు," అన్నాను డాక్టరుతో. నాలుక తడబడింది. ఆగి, మళ్ళీ కూడదీసుకున్నాను. "ఎవరూ లేకపోతేనే... నేనున్నానో లేనో మీకు తెలుస్తుంది."